మొదటి తాడు

పోయిన వారం ఐడెల్లా క్రూపాని ఫైర్ స్టేషన్ హాలు గుమ్మంలో, ఒక చేతిలో మొక్కజొన్న రొట్టె పళ్ళెంతో, కోటు జేబులో పానాతో నిలబెట్టి వదిలేశాం. వారమంతా ఆమె అలాగే నిలబడి ఉందని జాలిపడకండి. జాలిపడాల్సిన సంగతులు ముందున్నాయి.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాల్డర్ ఊరివాళ్ళు కొండలోయలో ఐసు పండిస్తారు. చలి ముదరగానే లోయ అంచున గొట్టాల కుళాయిలు తిప్పి రాతిగోడల మీదికి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు పొర మీద పొర గడ్డకట్టి తాటిచెట్టంత తెరలవుతాయి. ముళ్ళబూట్లు తొడుక్కుని, రెండు చేతులా చిన్న గొడ్డళ్ళు పట్టుకుని వాటి మీదికి ఎక్కడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఊరు ఆ పంట మీదే బతుకుతుంది. ఆ సేద్యంలో తప్పకూడని పని ఒకటుంది. మంచు కురిశాక, కుళాయి తిప్పే ముందు, తాడు మీద దిగి పాత గడ్డ మీది మంచును చీపురుతో ఊడ్చెయ్యాలి. ఊడ్చకుండా నీళ్ళు వదిలితే కొత్త గడ్డ పైకి నీలంగా నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం దేన్నీ పట్టుకోకుండా మంచు మీద కూర్చుని ఉంటుంది.

'కుంటి గుర్రం' అనే గోడ అలాగే ఊడిపడింది. దాని మీద ఉన్న టీగ్ సోలర్స్ నడుము విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ గోడ ఐడెల్లాది. అంతకు ముందు రోజు ఊడ్చే వంతు ఆమె చెల్లెలు జూనీ మొగుడు వెండెల్‌ది. పొగమంచులో కింద నుంచి "ఊడ్చేశా, తిప్పెయ్!" అని అరిచాడతను. కంటితో చూడకుండా నమ్మి కుళాయి తిప్పింది ఐడెల్లా. ఆ సాయంత్రం చెల్లెలింటికి వెళితే స్నానాల తొట్టి మీద చీపురు వేలాడుతూ కనిపించింది, పొడిగా. తొట్టి నిండా జూనీ పరిచిపెట్టుకున్న పసిబట్టలు, అవీ పొడిగానే. గోడ ఊడ్చొచ్చిన చీపురైతే ఐసు కరిగి తెల్లారేదాకా కారుతుంది. జూనీకి నెలలు నిండుతున్నాయి. ఐడెల్లా ఏమీ అనకుండా ఇంటికి వచ్చేసింది. మర్నాడు గోడ ఊడింది. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. పెద్ద తప్పు అక్కడే చేసింది, నన్నడిగితే.

ఇక ఆ ఊరి కట్టుబాటు. ఏ గోడైనా మనిషిని పడేస్తే, ఆ గోడ రైతు తన కుళాయి పానా తెచ్చి శుక్రవారం సభలో బల్ల మీద పెట్టాలి. దెబ్బ తిన్న ఇంటివాళ్ళు దాన్ని తీసి ఆ రైతు చేతికే ఇస్తే క్షమించినట్టు. ఇంకొకరి చేతిలో పెడితే, ఆ రైతు బతికుండగా లోయ అంచున మళ్ళీ కాలు పెట్టకూడదు. ఐడెల్లా తండ్రి ఆ లోయకి గొట్టాలు వేసినవాడు. ఆమెకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఆ అంచే.

సరే, గుమ్మం దాటింది.

సూపు గిన్నె దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగి చూశారు. "జరగండమ్మా జరగండి, ఐసు రైతుగారొచ్చారు. మీదేదైనా పడుద్దేమో," అంది ఒకావిడ, గరిటె వదలకుండానే. ఐడెల్లా తన రొట్టెను మిగతా వంటకాల పక్కన పెట్టింది. కాసేపటికి అటు చూస్తే బంగాళాదుంపల పులుసు అడుగంటింది, దుప్పిమాంసం కూర సగమైంది. రొట్టె మాత్రం చాకు గాటైనా పడకుండా అలాగే ఉంది. ఆమె కూర్చున్న బల్లకి అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ.

ముందు వరసలో హెస్టర్ సోలర్స్ కూర్చుని ఉంది, టీగ్ తల్లి. ఊళ్ళో హోటలు ఆవిడదే, ఐసు పండగ పెత్తనమూ ఆవిడదే. వయసులో ఉన్నప్పుడు ఆ లోయలో ఆవిడ ఎక్కని గోడ లేదు. చలికి కొయ్యబారి కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. మిగిలిన మూడు వేళ్ళతో కాఫీ కప్పు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తాగుతోంది.

ఫైర్ స్టేషన్ పెద్దాయన ఆర్లో లేచి ఊరి కబుర్లు మొదలుపెట్టాడు.

"కనుమ రోడ్డు మీద మంచుచరియ పడింది. ఆదివారం దాకా బస్సు రాదు. స్కూలు బాయిలర్ బాగైంది, సోమవారం బడి ఉంటుంది, పిల్లలు ఏడవొద్దు. ఓపల్‌గారి మేక దొరికింది. చర్చి వెనక గదిలో పాస్టరుగారి శాలువా సగం తినేసి పడుకుందట."

"మిగతా సగం?" అన్నారెవరో.

"పాస్టరుగారు కప్పుకున్నారు."

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే, అదే గొంతుతో ఆర్లో తర్వాతి ముక్క చెప్పేశాడు. "టీగ్‌కి రెండో ఆపరేషనూ అయింది. కాళ్ళు ఇక రావన్నారు." నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు మూసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. హెస్టర్ తల ఎత్తలేదు.

తర్వాత గోడల సంగతులు. ఒక్కొక్క రైతూ లేచి తన గోడ ఎలా ఉందో చెప్పాలి. 'ముసలి గంట' అడుగున కారుతోంది, ఎక్కొద్దన్నారు. 'అత్తగారి నాలుక' గట్టిగానే ఉంది కానీ పైన పెళుసు, చిన్నగా కొట్టండన్నారు. చివరికి వెండెల్ లేచాడు. బుగ్గలు ఎర్రగా, మనిషి అందగాడే. ఐడెల్లా ఇంట్లో కూర్చున్న ఈ వారమంతా పండగ గోడ 'పెద్ద తెర'ను అతనొక్కడే చూసుకున్నాడు. రేపు పొద్దున్నే పండగ మొదలయ్యేది ఆ గోడ మీదే.

"పెద్ద తెర ఈ ఏడు పండినట్టు ఎప్పుడూ పండలా," అన్నాడు వెండెల్. "బుధవారం మంచు పడిందా, శుభ్రంగా ఊడ్చి మరీ నీళ్ళు కట్టా. దాని మీదికి గుర్రాన్ని ఎక్కించినా కదలదు."

"కుంటి గుర్రాన్నా?" అన్నాడు వెనక బల్ల మీంచి ఒక తాగుబోతు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు, తర్వాత హెస్టర్ గుర్తొచ్చి దగ్గులోకి దించారు.

ఐడెల్లా మాత్రం ఇంకో మాట దగ్గర ఆగిపోయింది. ఊడ్చి మరీ అన్నాడు, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బాపతు. అయినా, మరిదే కదా, ఒక్కసారికే బుద్ధొచ్చి ఉంటుందిలే అని సర్దుకుంది. ఇలా సర్దుకోవడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

"ఐడెల్లా," అన్నాడు ఆర్లో, కళ్ళు కలపకుండా. "ఇక నీదే."

ఆమె లేచి వెళ్ళి పానా బల్ల మీద పెట్టింది. పిడి మీద తండ్రి చెక్కిన అక్షరాలు ఆమె అరచేతి రాపిడికే సగం అరిగిపోయాయి. పెట్టాక చెయ్యి వెనక్కి రావడానికి మొరాయించింది.

హెస్టర్ కాఫీ కప్పు దించింది. "ఒక్కటే అడుగుతాను. ఊడ్చావా?"

"కుళాయి తిప్పింది నేనేనండీ."

"నేనడిగింది అది కాదు."

"గోడ నాది. తప్పూ నాదే."

"అబ్బో, ఎంత పెద్ద మనసో!" అని వినిపించింది వెనక నుంచి. "మనసు పెద్దదే, చీపురే చిన్నది," అని ఇంకెవరో అందుకున్నారు. ఐడెల్లా చెవులు మండాయి. అయినా పరవాలేదనుకుంది. వెండెల్ ఊరుకుంటే చాలు. తను మోస్తానన్నది మోస్తుంది. చెల్లెలి కాపురం నిలబడుతుంది. తర్వాత హెస్టర్ దయ, తన ప్రాప్తం.

వెండెల్ ఊరుకోలేదు.

"నేను చెప్పకపోతే తప్పవుద్ది," అంటూ లేచాడు. గొంతులో తడి కూడా పెట్టాడు. "ఊడుస్తానని చీపురు పట్టుకుని తాడు కూడా కట్టుకున్నా. టైము లేదు, తిప్పేద్దాం, పండగ దగ్గరపడింది అంది తను. మన ఐడెల్లా కదా, పెద్దది కదా అని ఎదురు చెప్పలేకపోయా. ఆ రోజే గట్టిగా అరిచుంటే టీగ్ ఇవాళ..." మిగతాది మింగేశాడు. పక్కనున్న ముసలమ్మ అతని వీపు నిమిరింది.

బరువు మోయడానికి ఐడెల్లా సిద్ధపడే వచ్చింది. మోస్తున్నవాళ్ళ నెత్తిన ఎక్కి కూర్చుంటారని మాత్రం అనుకోలేదు. నోరు తెరవబోయింది. ఎదురుగా జూనీ కనిపించింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, తల అటూ ఇటూ చాలా చిన్నగా ఊపుతోంది. వద్దక్కా, వద్దు. ఐడెల్లా నోరు మూసుకుంది.

హెస్టర్ ఇదంతా చూసింది. చూసి కుర్చీ పక్కకి తిప్పుకుంది. "జూనీ, ఇలా రామ్మా."

జూనీ బల్లలు పట్టుకుంటూ వచ్చి నిలబడింది. హెస్టర్ తన కుర్చీ ఆమెకిచ్చి, తను నిలబడే అడిగింది, పిల్లని పలకరిస్తున్నంత మెత్తగా.

"గోడ ఊడ్చొచ్చిన చీపురు మీ ఇంట్లో ఎక్కడ వేలాడదీస్తారు?"

"తొట్టి మీద."

"ఎందుకని?"

"ఐసు కరిగి కారుతుంది కదండీ."

"మీ ఆయన తాడు కూడా కట్టుకున్నాడంటున్నాడు, ఊడవనియ్యలేదంటున్నాడు. సరే. అసలు చీపురు గోడకి తగిలిందా లేదా, అది నాకు కావాలి. ఆ సాయంత్రం తొట్టిలో నీళ్ళున్నాయా?"

ఏం జవాబు చెప్పాలో పాపం జూనీకి నిజంగానే తెలియలేదు. లేవంటే చీపురు గోడకి తగలనే లేదని తేలుతుంది, ఊడ్చే వంతేమో మొగుడిదాయె. ఉన్నాయంటే ఊడ్చినట్టవుతుంది, అప్పుడు మొగుడు ఇప్పుడే చెప్పింది అబద్ధమవుతుంది. అడకత్తెరలో పోకచెక్క. ఆమె వెండెల్ వైపు చూసింది. అతను బూట్లు చూసుకుంటున్నాడు.

"కొంచెం... కొంచెం తడి ఉంది," అంది జూనీ. "మొదలుపెట్టాడు. అక్కే ఆపించింది."

ఆ తొట్టిలో పసిబట్టలు ఎంత పొడిగా ఉన్నాయో ఐడెల్లా వేళ్ళకి ఇంకా గుర్తుంది. ఒక చిన్న చొక్కా మడతపెట్టి ఇచ్చింది కూడా తనే. జూనీకీ గుర్తుంది, అందుకే ఇటు చూడలేదు.

"నాకు చాలు," అంది హెస్టర్. మూడు వేళ్ళతో పానా ఎత్తి జూనీ ఒళ్ళో పెట్టింది. "ఇది ఎవరికివ్వాలో చెప్పాల్సిన దాన్ని నేనే. కానీ ఆసుపత్రిలో కూర్చుని కూర్చుని నా మనసు మొద్దుబారింది. నువ్వు ఐడెల్లా రక్తానివి. నువ్వివ్వు. మీ అక్కకిస్తే క్షమించినట్టే, నేను మాట్లాడను. లేదంటే, ఈ ఊళ్ళో ఎవరు నమ్మకస్తుడో వాడి చేతిలో పెట్టు."

ఇంతకంటే అన్యాయం ఆ హాలులో ఎప్పుడూ జరగలేదు. సూపు చల్లారిపోతున్నా అందరి చెంచాలూ ఆగిపోయాయి.

జూనీ లేచింది. అక్క దాకా నాలుగడుగులు. ఐడెల్లా చెయ్యి చాపలేదు, కానీ వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. జూనీ ఆ వేళ్ళను చూసింది. చూసి, పక్కనుంచి దాటుకుని వెళ్ళి మొగుడి చేతిలో పానా పెట్టింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత చాలామంది కొట్టారు. వెండెల్ పానాని ఎత్తి చూపించాడు, పోటీలో గెలిచినట్టు. ఐడెల్లాకి ఏడుపు రాలేదు. కడుపులో ఎవరో కుళాయి తిప్పి వదిలేసినట్టు లోపలంతా చల్లగా పాకుతోంది, అంతే.

"ఆర్లో," అంది హెస్టర్, చప్పట్లు ఆగాక. "పానా కొత్త చేతికి వెళితే ఏం చెయ్యాలో నీకు గుర్తుందా? చాన్నాళ్ళైంది కదా మనం చూసి."

ఆర్లో నుదురు రుద్దుకున్నాడు. "అవును సుమా! వండినోడే ముందు ముద్ద తినాలి. పొద్దున్నే అందరికంటే ముందు తను పండించిన గోడ తనే ఎక్కి చూపించాలి. మొదటి తాడు అతనిదే." ముఖం వెలిగింది అతనికి. "పండగ కూడా కలిసొచ్చింది. రేపు పెద్ద తెర మీద మొదటి తాడు వెండెల్‌ది!"

మళ్ళీ చప్పట్లు. ఈసారి ఐడెల్లా చూస్తున్నది వెండెల్ ముఖాన్ని. ఇందాకటి ఎరుపు బుగ్గల్లోంచి దిగిపోయింది. పానా ఉన్న చెయ్యి మెల్లగా కిందికి వచ్చింది. నవ్వు మాత్రం అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయిన నవ్వు. "తప్పకుండా," అన్నాడు. "ఎందుకెక్కనూ."

ఐడెల్లాకి అర్థమైంది. పెద్ద తెరను కూడా అతను ఊడవలేదు.

ఆమె కోటు తీసుకుని బయటికి వచ్చేసింది. మెట్ల మీద చలి ముక్కుపుటాలు అతికిస్తోంది. వెనక తలుపు తెరుచుకుని మూసుకుంది. హెస్టర్ వచ్చి పక్కన నిలబడింది, ఇరుగుపొరుగువాళ్ళు వాతావరణం మాట్లాడుకోవడానికి నిలబడ్డట్టు.

"మధ్యాహ్నం పెద్ద తెర దగ్గరికి వెళ్ళాను," అంది. "టీగ్ గొడ్డలితో తట్టి చూశాను. ఎలా మోగిందో చెప్పు."

"డొల్లగా," అంది ఐడెల్లా.

"కుంటి గుర్రం మీద ఇద్దరి చేతులున్నాయి. తప్పు ఎవరిదో తేలలేదు నాకు. పెద్ద తెర మీద ఒక్కడిదే."

"మీకు తెలుసు!" ఐడెల్లా ఆవిడ వైపు తిరిగింది. "తెలిసి నన్ను అందరి ముందూ అలా..."

"నువ్వు చెప్తావని చూశాను. నా బిడ్డ మంచంలో కట్టెలా పడున్నాడే, ఒక్క నిజం చెప్తావని. నీకు నీ చెల్లెలి కాపురం ముద్దొచ్చింది. సరే, చెల్లెలికైనా దారి చూపిద్దామని తొట్టి సంగతి ఎత్తాను. దానికి మొగుడు ముద్దొచ్చాడు. ఉంచుకోండమ్మా. రేపు పొద్దుటిదాకా."

"అతను పడిపోతాడండీ. ఇది చంపడం."

"నా కొడుక్కొచ్చింది జలుబా?" హెస్టర్ చేతికి తొడుగు వేసుకుంది. ఖాళీగా వేలాడే రెండు వేళ్ళ గుడ్డను లోపలికి మడిచింది. "ఇప్పుడెళ్ళి నిజం ఒప్పుకుంటే బతుకుతాడు, నేనేం తలుపుకి తాళం వెయ్యలేదే. ఒప్పుకోడు. పానా ఎత్తి చూపించాడు చూశావా? ఊడదులే అనుకుంటూ ఎక్కుతాడు. నువ్వెళ్ళి చెప్పుకో, పానా పోయిందాని ఏడుపంటారు. నువ్వు చెప్పవు కూడా. నోరు మూసుకోవడం నీకు బాగా వచ్చు. ఇంకొక్క రాత్రి మూసుకో."

ఆవిడ మెట్లు దిగి హోటలు వైపు నడిచింది, తొందరేమీ లేకుండా.

ఐడెల్లా తలుపు వైపు తిరిగింది. లోపలికి వెళ్ళి అరవాలి. నా మాట నమ్మకపోతే వచ్చి తట్టి చూడండి అనాలి. వాడు చచ్చినా పరవాలేదని ఒక్క లిప్తపాటు అనిపించింది. ఆ అనిపించినందుకు తనంటే తనకే భయం వేసింది. పిడి మీద చెయ్యి వేసేసరికి తలుపు లోపల నుంచే తెరుచుకుంది.

జూనీ. చేతుల్లో మొక్కజొన్న రొట్టె పళ్ళెం, చెక్కుచెదరకుండా.

"మర్చిపోయావక్కా," అంది, పళ్ళెం చాపుతూ. ఐడెల్లా అందుకోలేదు. జూనీ దాన్ని మెట్ల గోడ మీద పెట్టింది. "నన్ను తిట్టు. కొట్టు కావాలంటే. నాకింకో దారి లేదు. పుట్టేవాడికి తండ్రి ఉండాలి కదా."

"ఆ తొట్టిలో తడి ఉందా జూనీ?"

జూనీ ఒకడుగు ముందుకొచ్చింది. అక్క చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు లోయలోకి దిగేటప్పుడు పట్టుకున్నట్టే, రెండు చేతులతో.

"ఆయన లోపల ఒకటే చెమటలు. భయమేస్తోందా అంటే కసురుకుంటున్నాడు. నాకేదో గుబులుగా ఉందక్కా. రేపు ఆయన తాడు నువ్వు పట్టుకో. ఇంకెవరి చేతిలోనూ పెట్టలేను. అంచు మీదికి రావొద్దన్నారు కానీ కింద నిలబడొద్దని ఎవరూ అనలేదుగా. నీ చేతి కింద ఇంతవరకూ ఎవరూ జారలేదు."

ఎక్కేవాడి తాడు పట్టేవాళ్ళు ఎక్కడ నిలబడతారో ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. గోడ పాదం దగ్గర, సరిగ్గా దాని కింద. గోడ ఊడితే ముందు పడేది వాళ్ళ మీదే.

"పట్టుకుంటావు కదూ? ఒక్క మాట చెప్పక్కా."

లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. వెండెల్ గొంతు అందరికంటే గట్టిగా వినిపిస్తోంది. ఐడెల్లా నోరు తెరిచింది. చెప్పాలనుకున్నది నాలుక దాకా వచ్చింది. చెల్లెలి ముఖంలోకి చూసింది. అబద్ధమాడిన ముఖం, అయినా తను పెంచిన ముఖం.

"ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.